సున్నాకి, సున్నానికి

నేను ఏం ఉద్యోగం చేస్తున్నానో మా నాయనకు చివరిదాకా అర్థం కాలేదు. ఆయన చక్రాయపేట పక్కన పల్లెలో గొర్రెలు కాసిన మనిషి. "మీవోడు యాడ పని చేస్తాండాడు?" అని ఎవరైనా అడిగితే, "ప్రొద్దుటూర్లో చుక్కలు లెక్కబెడతాండాడు" అనేవాడు. అబద్ధమేం కాదు. కానీ విన్నవాళ్లలో సగంమంది నేను పనీపాటా లేకుండా మిద్దె మీద పడుకుని ఆకాశం చూస్తుంటానని అనుకున్నారు. మిగతా సగంమంది బ్రాందీ అంగడిలో కుదిరానని అనుకున్నారు. పిల్లనిచ్చే ముందు మా మామ నన్ను పక్కకు పిలిచి, మందులో నీళ్లు కలుపుతారంట, నిజమేనా అని గొంతు తగ్గించి అడిగాడు. మేం నీళ్లలోనే మందు కలుపుతామని చెప్పాను. ఆ జవాబుకు ఆయన ధైర్యం తెచ్చుకున్నాడో, దిగులు పడ్డాడో ఇప్పటికీ నాకు తెలియదు. పిల్లనైతే ఇచ్చాడు.

నిజానికి ఉద్యోగం అదే. ఎక్కువ నీళ్లలో కొంచెం మందును, కొలత తప్పకుండా, చుక్క చుక్కగా కలిపే పంపు ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో డోసింగ్ పంపు అంటారు. మేం చుక్కల పంపు అంటాం. తాగునీటి పథకాల్లో పటిక, బ్లీచింగ్ కలిపేది అదే. సిమెంటు ఫ్యాక్టరీల్లో నీళ్ల గొట్టాలకు పాచి పట్టకుండా చూసేది అదే. పులివెందుల వైపు చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, డ్రిప్పు గొట్టాల్లోకి ఎరువు నీళ్లు ఎక్కించేది కూడా అదే. చూడటానికి చిన్నది. దాన్ని చూపించి "ఇదే నా ఉద్యోగం" అంటే బావి మోటార్లు బిగించేవాళ్లు జాలిపడేవాళ్లు.

ప్రొద్దుటూరులో ఒక ఏజెన్సీ అంగడిలో చేరి, జుట్టు నెరిసి, మోకాళ్లు అరిగి, అక్కడే దిగిపోయాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం నాలుగు మాటలు రాయమని కొందరు అడిగారు. జీతాలు, బదిలీలు, రిపోర్టులు రాయను. అవి ఎక్కడైనా ఒకటే. మూడు నాలుగు సంగతులు మాత్రం చెబుతాను. వాటిలో చివరిది ఓబులేసు అనే మనిషిది. నా నోటి వల్ల అతని ఉద్యోగం పోబోయింది. ఇదంతా రాస్తున్నది దానికోసమే. కానీ మొదటే దానిలోకి దిగితే నేను పనికిమాలినవాడినని మీరు తేల్చేస్తారు. అందుకని నాకు పని వచ్చునని రుజువయ్యే కథలు ముందు చెబుతాను.

చప్పుడు వినొద్దు, చుక్క చూడండి

నాకు పని నేర్పింది మస్తాన్ సాబ్. అంగడిలో అందరికంటే పాత మెకానిక్కు. అందరికీ మామే, నాకు కూడా మామే. ఆయన చేతిలో స్పానరు ఎంత వాటంగా ఆడేదో, నాలుక మీద ఎత్తిపొడుపూ అంతే వాటంగా ఆడేది. రెండూ నాకు అంటుకున్నాయి. మొదటిది అన్నం పెట్టింది. రెండోది ఏం చేసిందో చివర చెబుతాను.

చేరిన కొత్తలో ఒక నీళ్ల పథకానికి నన్ను ఒక్కడినే పంపాడు. పోయాను. పంపు టిక్కు టిక్కుమని బుద్ధిగా కొట్టుకుంటోంది. బాగుందని పుస్తకంలో సంతకం పెట్టి, టీ తాగి వచ్చేశాను. సాయంత్రం మస్తాన్ మామ అడిగాడు, చుక్క చూసినావా అని. చప్పుడు విన్నానని చెప్పాను.

"తిరగలి గూడా చప్పుడు చేస్తాదప్పా," అన్నాడు. "పిండి పడతాందా లేదా అనేది గదా చూడాల్సింది."

మరుసటి రోజు పోయి చూస్తే పంపు ఒక్క చుక్క కూడా పంపడం లేదు. బ్లీచింగ్ నీళ్లకు ఎండ తగిలితే గాలి బుడగలు పుడతాయి. జమ్మలమడుగులో మే నెల ఎండంటే మీకు చెప్పక్కర్లేదు. ఆ బుడగ పోయి పంపు లోపల కూర్చుంటుంది. ఇక పంపు చేసే పనల్లా ఆ బుడగను నొక్కడం, వదలడం. చప్పుడు మాత్రం మామూలే. అట్లాంటి మనుషులను కూడా నేను ఆఫీసుల్లో బోలెడుమందిని చూశాను.

అప్పటి నుంచి కొలత గొట్టం నా సంచిలో లేకుండా ఇల్లు కదల్లేదు. గీతలున్న గాజు గొట్టం అది. దాంట్లో మందు నింపి, పంపును దాని నుంచి పీల్చుకోనిచ్చి, ఒక నిమిషంలో ఎన్ని గీతలు దిగిందో చూడాలి. అంతే. ఇంతకు మించిన విద్య ఈ వృత్తిలో లేదు. మిగతావన్నీ కడగడం, తుడవడం, బిగించడం. బ్లీచింగ్ పొడి కలిపితే మడ్డి దిగేదాకా ఆగి పైన తేట మాత్రమే పంపుకు ఇవ్వాలి. మడ్డి పోతే లోపలి వాల్వులు పూడుకుంటాయి. వాల్వును తలకిందులుగా బిగించే తప్పు ప్రతి మెకానిక్కూ ఒకసారి చేస్తాడు. నేను రెండుసార్లు చేశాను, బాగా గుర్తుండాలని.

ఒక్క విషయంలో మాత్రం ఎగతాళి లేదు. యాసిడ్డూ బ్లీచింగూ ఒకే బక్కెట్లో, ఒకే పంపులో, మధ్యలో మంచినీళ్లతో బాగా కడగకుండా ఎప్పుడూ పోయకండి. వచ్చే పొగ పీలిస్తే ఆ మనిషి లేచి నిలబడడం కష్టం. మస్తాన్ మామ అన్నిటికీ నవ్వేవాడు, దీనికి మాత్రం కొట్టేవాడు.

తాళం వేసిన తొట్టి

పులివెందుల దగ్గర ఒక పెద్ద రైతు. చీనీ తోట, డ్రిప్పు, ఊర్లో నాలుగు మాటలు చెల్లే ఇల్లు. ఎరువు నీళ్ల కోసం మా దగ్గర చుక్కల పంపు తీసుకున్నాడు. తొట్టి కింద ఉంటే మేకలు మూతి పెడతాయని మోటారు గది మిద్దె మీద పెట్టించాడు. తోట కింద పల్లంలో ఉంది.

నెల తిరక్కుండా ఫోను చేశాడు. తొట్టిలో ఎరువు నీళ్లు ఎవరో ఎత్తుకుపోతున్నారని. సాయంత్రం పంపు ఆపి పోతే పొద్దునకు తొట్టి సగానికి దిగుతోందట. నా పని పంపులు బాగుచేయడం, దొంగలను పట్టడం కాదని చెప్పాను. ఆయన వినలేదు. పక్క తోటాయన మీద అనుమానం. ఇద్దరికీ గట్టు తగాదా ఉంది. ఈయన తొట్టి మూతకు తాళం వేశాడు. తాళం వేసినట్టే ఉంది, తొట్టి దిగినట్టే దిగింది. పక్క తోటాయన దగ్గర మారు తాళంచెవి కూడా ఉందని నిర్ణయించుకుని మాటలు మానేశాడు.

నేను పోయి చూడగానే అర్థమైంది. కిరసనాయిలు డ్రమ్ములో గొట్టం వేసి ఒకసారి నోటితో పీల్చి వదిలితే కింద డబ్బా తనంతట తానే నిండడం మా వయసు వాళ్లందరూ చూసిందే. ఇదీ అంతే. తొట్టి ఎత్తులో, తోట పల్లంలో. పంపు ఆగినా ఎరువు నీళ్లు తమ దారిన తాము దిగిపోతున్నాయి. దొంగ ఆయన తోటలోనే ఉన్నాడు. చీనీ చెట్లు.

గొట్టం చివర స్ప్రింగు వాల్వు ఒకటి బిగించాను. ఇక పంపు నెడితేనే తెరుచుకుంటుంది. పెద్దాయన మూత తాళం తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత, ఈ సంగతి పక్క తోటకు తెలియనీయొద్దన్నాడు. మరుసటి వారం పక్క తోటాయనకు ఒక గంప చీనీ కాయలు పంపాడట, ఏ కారణమూ చెప్పకుండా. ఆ గంప చూసి పక్కాయన భయపడిపోయి, గట్టు మీదికి ఏదో పెద్ద ఎత్తే వేస్తున్నాడని ప్రొద్దుటూరు పోయి ప్లీడరును కలిశాడట.

ఈ కథ నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. మందు తగ్గితే ముందు తొట్టి ఎత్తు చూడండి. మనుషులను తర్వాత అనుమానించవచ్చు, తొందరేం లేదు.

శెట్టిగారి వోల్టేజీ

మా ఏజెన్సీ యజమాని శెట్టిగారు. మంచి చెప్పాలంటే, నకిలీ సామాను ఒక్కటి అంగట్లోకి రానిచ్చేవాడు కాదు. పంపు లోపల వేసే రబ్బరు పొర పాతబడిందని తెలిస్తే దాన్ని కత్తిరించి పారేసేవాడు, పొరపాటున కూడా ఎవరూ వాడకుండా. ఆ పట్టుదల నాకు నచ్చేది.

ఆయనకు ఒకే ఒక్క సిద్ధాంతం. బయట వాళ్ల ముందు తప్పు మనదని ఒప్పుకోకూడదు. పంపు కాలినా, కారినా, ఆగినా, కారణం వోల్టేజీ. కరెంటు లేనప్పుడు ఆగినా వోల్టేజీయే. నన్ను పనికి పంపేటప్పుడు స్పానర్లు పెట్టుకున్నావా అని అడగడం మరిచిపోయేవాడేమో గానీ, "ఏమన్నా అయితే వోల్టేజీ అని చెప్పు" అనడం మరిచిపోయేవాడు కాదు. నేనూ చాలా ఏళ్లు చెప్పాను. కరెంటు ఆఫీసు వాళ్లు నా మీద కేసు పెట్టకపోవడం వాళ్ల మంచితనం.

అట్లా చెప్పీ చెప్పీ, నా తప్పు ఎక్కడుందో చూసుకునే అలవాటు నాకు పోయింది. అది ఓబులేసు విషయంలో బయటపడింది.

కుళాయిలో పాలు

జమ్మలమడుగు దాటాక ఒక నీళ్ల పథకం ఉంది. మైలవరం డ్యాము నీళ్లు అక్కడికి వస్తాయి, శుద్ధయి పల్లెలకు పోతాయి. ఓబులేసు అక్కడ ఆపరేటరు. కాంట్రాక్టు మీద పని. పర్మినెంటు చేస్తారని ఎదురుచూస్తూ ఏళ్లు గడిపినవాడు. నెమ్మది మనిషి. పంపుల గది ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చేవాడు. శుక్రవారం పంపుకు బొట్టు పెట్టేవాడు.

అక్కడ బ్లీచింగ్ కలిపే పంపు ఒకే మోటారుకు రెండు తలలున్నది. కుడి తల ఒకటి, ఎడమ తల ఒకటి. ఒకటి పాడైతే రెండోదాంతో నడుపుకోవచ్చు. కానీ మోటారు ఒకటే కాబట్టి ఒక తలను మాత్రం ఆపాలంటే స్విచ్చుతో కుదరదు. ఆ తల మీదున్న చక్రాన్ని తిప్పి సున్నా గీతకు తేవాలి. అప్పుడది ఊరికే కదులుతుంది, మందు పంపదు. ఆ పక్కనే పటిక తొట్టి, దాని పక్కన సున్నం తొట్టి. వానాకాలంలో బురద నీళ్లకు పటిక ఎక్కువ పడినప్పుడు, ఫిల్టరుకు ముందే సున్నం కూడా కలపాల్సి వస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఓబులేసు ఫోను చేశాడు. నేను ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాను. మిల్లు హోరులో నా మాట నాకే వినపడటం లేదు. ఎడమ తల దగ్గర మందు కారుతోందని చెప్పాడు. నేను ఒక చేత్తో బోల్టు పట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని, "ఎడమది సున్నాకి పెట్టు. కుడిదాంతో నడుపు. రేపొస్తా" అని ఫోను పెట్టేశాను.

నేనన్నది సున్నాకి. అతను విన్నది సున్నానికి. మధ్యలో ఒక్క 'ని'. ఆ ఒక్క అక్షరం మిల్లు పుట్టించిందో, నా తొందర పుట్టించిందో దేవుడికే తెలియాలి.

ఓబులేసు ఎడమ తల గొట్టాన్ని బ్లీచింగ్ తొట్టిలోంచి తీసి సున్నం తొట్టిలో వేశాడు. అతని లెక్క అతనికుంది. మా పల్లెల్లో కారే చోట సున్నం, బెల్లం కలిపి మెత్తడం అందరికీ తెలిసిందే. కారే పంపుకు సున్నం పట్టిస్తే అదే పూడుకుంటుందేమో, పెద్ద మెకానిక్కు చెప్పాడు కదా అనుకున్నాడు. కుడి తల బ్లీచింగ్ కలుపుతోంది, ఎడమ తల సున్నం కలుపుతోంది. రెండూ ఫిల్టరు దాటిన తర్వాత, తేట నీళ్లలోకి.

మరుసటి రోజు పొద్దున్నే పల్లెల్లో కుళాయిలు తిప్పితే తెల్లగా వచ్చాయి. మొదట నవ్వులాటే అయిందట. కుళాయిలో పాలొస్తాండాయి, గేదెలు అమ్మేయండి అన్నారట. పొద్దెక్కేసరికి ఎవరో నీళ్లలో విషం కలిపారన్నారు. మా వైపు విషం అన్నాక ఎవరు కలిపారో చెప్పడానికి రెండు పార్టీలుంటాయి. పది గంటలకల్లా రెండు పార్టీలూ రోడ్డు మీదున్నాయి. సరఫరా ఆపేశారు. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు పథకం గేటు దగ్గర కూర్చున్నారు.

నేను పోయేసరికి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరు, డీఈ గారు, పంపుల గదిలో నిలబడి ఉన్నారు. ఓబులేసు గోడకు ఆనుకుని ఉన్నాడు. కాంట్రాక్టరు మనిషి అప్పుడే అతని దగ్గర తాళంచెవులు తీసుకుంటున్నాడు. నేను ఎడమ తల విప్పాను. లోపల సున్నం ముద్దలు.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"నువ్వే గదన్నా, సున్నానికి పెట్టమంటివి," అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. పైకే నవ్వాను. అతని ముఖం చూశాక ఆ నవ్వు సగంలో ఆగింది.

డీఈ గారు, "సున్నాకీ సున్నానికీ తేడా తెలియని మనిషిని పంపుల దగ్గర ఎలా పెట్టుకోవాలయ్యా? రేపటి నుంచి ఇతను రాడు," అన్నారు. గేటు దగ్గర అంతమంది కూర్చుని ఉంటే, ఎవరో ఒకరిని తీసేశామని ఆయన చెప్పాలి. ఓబులేసు దొరికాడు. నేను స్పానర్లు సర్దుకున్నాను.

బయటికొచ్చి శెట్టిగారికి ఫోను చేశాను. అలవాటు ప్రకారం వోల్టేజీ అని చెప్పమన్నాడు. వోల్టేజీ వల్ల నీళ్లలో సున్నం పడదు కదా అన్నాను. కాసేపు ఆలోచించాడు.

"అట్లయితే తప్పు ఆపరేటరుది. నువ్వు నోరు తెరవద్దు. తెరిస్తే పథకం పనులన్నీ మన చేయి దాటిపోతాయి," అన్నాడు.

నోరు తెరవకుండానే ఇంటికొచ్చాను.

రాసిచ్చిన కాగితం

ఇంటికి వచ్చాక నా వైపు న్యాయం వెతుక్కున్నాను. నేను సున్నాకి అనే అన్నాను. అందులో తప్పు లేదు. విన్నది అతను. ఇట్లా ఎంతసేపు వాదించుకున్నా ఆ చక్రం కళ్లముందుకు వస్తూనే ఉంది.

ఆ చక్రం మీద అంకెలు లేవు. బ్లీచింగ్ చిమ్మీ చిమ్మీ ఎప్పుడో చెరిగిపోయాయి. పోయిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. కొత్త అంకెల బిళ్ల తెచ్చి అతికిస్తానని ఏడాదిగా చెబుతూనే ఉన్నాను. నాకు చేతి అలవాటు కాబట్టి సున్నా ఎక్కడుందో తెలుసు. ఓబులేసుకు ఆ చక్రం మీద సున్నా అనేది ఒకటుందని ఎవరూ చూపించలేదు. లేని సున్నాకి పెట్టమని నేను చెప్పాను, ఉన్న సున్నానికి అతను పెట్టాడు.

పైగా ఆ రోజు నేనున్న ఫ్యాక్టరీ నుంచి ఆ పథకానికి బైకు మీద ఎంతోసేపు పట్టదు. పోలేదు. మిల్లు బయటికి నడిచి మాట్లాడి ఉండొచ్చు. నడవలేదు. ఏమని విన్నావని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు.

పొద్దున ఒక తెల్లకాగితం మీద ఇవన్నీ రాశాను. అంకెలు చెరిగిన సంగతి మొదట రాశాను. సంతకం పెట్టాను. నాకు భయమేసింది, ఎందుకు దాచాలి? ఆ వయసులో ఇంకో అంగడిలో నన్ను ఎవరు పెట్టుకుంటారు?

పథకం ఆఫీసులో డీఈ గారు కాగితం చదివి, కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. నీకేం పట్టిందయ్యా, నిన్నెవరూ అడగలేదు కదా అన్నారు.

"ఆ చక్రం మీద సున్నా ఉండాదని ఆయనకు చూపించాల్సింది నేను సార్," అన్నాను. "చూపించకుండా పేరు చెప్పి పెట్టమంటే ఆయన యాడ పెడతాడు?"

ఆయన లేచి పంపుల గదికి వచ్చి, వంగి, ఆ చక్రాన్ని స్వయంగా తిప్పి చూశారు. ఒక అంకె కనపడితే ఒట్టు.  లేచాక, ఓబులేసును పిలిపించి, తొట్లూ గొట్టాలూ అన్నీ ఇద్దరూ కలిసి కడగండి, అన్నారు. ఇద్దరూ అన్నారంటే ఓబులేసు ఉద్యోగం నిలిచినట్టే. కాంట్రాక్టరు మనిషి తాళంచెవులు తిరిగి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు అవి తనవే అయినట్టు ముఖం పెట్టాడు. గేటు దగ్గర రెండో రోజూ కూర్చున్న వాళ్లతో, సున్నం ఎక్కువైంది, విషం కాదు, అంకెలు చెరిగిన పంపు తప్పు అని డీఈ గారే చెప్పారు. రెండు పార్టీలకూ అది నచ్చలేదు. కానీ అంకెల మీద ఎవరు ధర్నా చేస్తారు?

శెట్టిగారు నన్ను తీసేయలేదు. పది రోజులు మాట్లాడలేదు, అంతే. ఎదురుగా కూర్చున్నా గుమాస్తాతో చెప్పించేవాడు. పథకం పనులు మా చేయి దాటిపోలేదు. పైగా అన్ని పంపులకూ కొత్త అంకెల బిళ్లలు కావాలని ఆ ఆఫీసు నుంచి ఆర్డరొచ్చింది. దాంతో ఆయన కోపం చల్లబడింది.

ఒక సంగతి దాచాను

ఇంతవరకు చదివి నన్ను మెచ్చుకునేవాళ్లు ఉంటే కాసేపు ఆగండి. కాగితంలో రాయనిది ఒకటుంది. అప్పటికి అది నాకే తెలియదు.

ఆ రోజు ఇద్దరం కూర్చుని గొట్టాల్లో సున్నం గీకుతున్నాం. మాటల్లో అడిగాను, అంత తెల్లటి సున్నం తీసుకుపోయి తేట నీళ్లలోకి పంపేటప్పుడు అనుమానం రాలేదా అని.

"రాకుండా ఎట్లుంటాదన్నా," అన్నాడు ఓబులేసు. "ఫోను పెట్టేసినాక రెండు తూర్లు నీ నంబరు తీసినా. మళ్ల జోబీలో పెట్టుకున్నా."

"మళ్ల చేసి అడగకపోయినావా?"

అతను గీకడం ఆపలేదు. "పూట," అన్నాడు. ఆ ఒక్క మాటే.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అంతకు ముందు ఏడాది ఒకసారి ఫోనులో అతనికి ఫుట్ వాల్వు కడగమని చెప్పాను. తొట్టి అడుగున గొట్టం చివర ఉండే వాల్వు అది. అతను, "ఏ పూట కడగాలన్నా?" అని అడిగాడు. ఫుట్ అన్నది అతనికి పూట అని వినపడింది, పొద్దుటి పూటా, సాయంత్రం పూటా అని. నాకు నవ్వు ఆగలేదు. ఆ కథను ప్రొద్దుటూరులో చెప్పాను. పులివెందులలో చెప్పాను. జమ్మలమడుగు బస్టాండు ముందు టీ అంగడిలో, ఓబులేసు పక్కనే నిలబడి ఉండగా, అతని గొంతు పెట్టి చెప్పాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నేను మంచి కథకుడినని నాకు పేరొచ్చింది.

"అప్పటి నుంచి నన్ను పూట వాల్వు ఓబులేసు అంటాండారన్నా," అన్నాడు. "నాకేం లే. బళ్లో మా బిడ్డను గూడా పూట వాల్వు కూతురనే పిలుస్తాండారంట. మళ్ల అడిగితే ఇంకో పేరు పెడతావని అడగలేదు."

కోపంగా చెప్పలేదు. ఎండ గురించి చెప్పినట్టు చెప్పాడు. నాకు అంతకు ముందు గానీ తర్వాత గానీ అంత సిగ్గు వేయలేదు. క్షమించమని అడగడం కూడా నాకు చేతకాలేదు. ఎదురుగా కూర్చుని నేనూ సున్నం గీకాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పంపులు మీరు పుస్తకాలు చూసి నేర్చుకోవచ్చు. కానీ మీ పంపును నడిపే మనిషి మిమ్మల్ని రెండోసారి అడగడానికి జంకుతున్నాడంటే, పంపు ఎంత బాగున్నా మీకు పని రానట్టే. అడిగినవాడిని ఎగతాళి చేయకండి. నాకు ఎగతాళి లేకుండా నోరు తిరగదు, ఇక్కడిదాకా చదివారు కాబట్టి మీకే తెలిసి ఉంటుంది. అందుకని నా మీద నేనే చేసుకోవడం అలవాటు చేసుకున్నాను. సరుకు తక్కువేం లేదు.

కొన్ని వారాల తర్వాత ఓబులేసు ఫోను చేశాడు. పంపు సరిగా లాగడం లేదన్నాడు. నేను మళ్లీ ఆ సిమెంటు ఫ్యాక్టరీలోనే ఉన్నాను. మిల్లు బయటికి నడిచి, చెట్టు కిందికి పోయి నిలబడ్డాను. పై వాల్వు విప్పి, లోపల గోళీ తుడిచి, ఎట్లా ఉన్నది అట్లాగే బిగించమని చెప్పాను.

"సరిగ్గా వినపడలేదన్నా. ఇంకోతూరి చెప్పు," అన్నాడు.

మళ్లీ చెప్పాను, నెమ్మదిగా.

"ఇంకోతూరి."

మూడోసారి చెప్పాను. పై వాల్వు అంటే ఏదో, గోళీ ఏ రంగులో ఉంటుందో, ఏ వైపు తిప్పితే ఊడుతుందో, ఒక్కొక్క మాటా విడదీసి, మధ్యలో ఒక్క చమత్కారం లేకుండా చెప్పాను.  

"మొదటి తూరే అర్థమైందిలే అన్నా," అన్నాడు ఓబులేసు. "నవ్వుతావేమోనని చూసినా."